పిలిస్తేనే రావాలి

కార్తీక సోమవారం నాడు ద్రాక్షారామం వెళ్తే, భీమేశ్వరుడి దర్శనం అయ్యాక గుడి బయట కాసేపు నిలబడి మనుషుల్ని వదిలేసి పశువుల్ని చూడండి. పంచారామాల యాత్ర బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతుంటాయి. అమరావతి, భీమవరం, పాలకొల్లు చూసుకుని వచ్చినవాళ్ళు చీకటి పడేలోపు సామర్లకోట చేరాలన్న తొందరలో ఉంటారు. ఆ తొందరలో కూడా, ఎదురుపడిన ఆవుకో, దేవుడి పేర వదిలిన కోడెకో ఓ అరటిపండు పెట్టి, నుదుటి మీద చెయ్యి ఆనించి కళ్ళకద్దుకోకుండా బస్సెక్కేవాళ్ళు తక్కువ. పుణ్యం సంగతి నాకు తెలియదు. కోడెకు మాత్రం రోజుకు వందసార్లు ఒకే పాఠం చెబుతున్నాం: మనిషి దగ్గరికి వెళ్ళు, మూతి పెట్టు, దొరుకుతుంది.

ఇలాంటి గుడి ఊళ్ళో దూడప్పటి నుంచి పెరిగిన కోడెకు మూడేళ్ళు వచ్చేసరికి మనిషంటే నడిచే అరటిగెల. అది సంచీ వాసన చూస్తుంది. ఇవ్వకపోతే మూతితో నెడుతుంది. అప్పటికీ ఇవ్వకపోతే నుదురు ఆనించి తోస్తుంది. దూడగా ఉన్నప్పుడు ఇదే పని చేస్తే ముచ్చటపడి నవ్వినవాళ్ళే ఇప్పుడు కెవ్వుమంటారు. అప్పటికీ ఇప్పటికీ కోడె బుద్ధిలో మార్పేమీ లేదు, పెరిగిందల్లా బరువు. దానికి కోపం కూడా రాలేదు, అది చనువు చూపించిందంతే. అరటన్ను దాకా తూగే పశువు చనువు చూపిస్తే ముసలావిడ తుంటి ఎముక విరుగుతుంది.

ఈ చనువును విరవకుండా, పశువును బెదరగొట్టకుండా, దానికీ మనిషికీ మధ్య రెండడుగుల దూరం నిలబెట్టగల పనివాళ్ళు ఈ గోదావరి డెల్టాలో ఇంకా ఉన్నారు. ముఖ్యంగా గంగిరెద్దులవాళ్ళు. వాళ్ళ తర్వాత పందెపు గిత్తల్ని మేపేవాళ్ళు, పాతకాలపు రైతులు కొందరు. గంగిరెద్దు అనగానే మనకు తల ఊపడం, దణ్ణం పెట్టడం గుర్తొస్తాయి. ఆ ఆటలకు కింద పునాదిలా ఇంకో పని ఉంది, అది సాధారణంగా కంటికి ఆనదు. నన్నడిగితే అసలు పనితనం అంతా అందులోనే ఉంది.

ముందు ఒక అపోహ తీరాలి. బెదురుగొడ్డు ప్రమాదకరం, మాలిమి పశువు క్షేమం అని మనలో చాలామంది అనుకుంటాం. పశువుల మధ్య బతికినవాళ్ళు ఈ లెక్క ఒప్పుకోరు. బెదిరే కోడె తన చుట్టూ ఒక గీత గీసుకుని ఉంటుంది. మనిషి ఆ గీత దాటితే అది తప్పుకుంటుంది, తప్పుకునే దారి మూసేస్తేనే మీదికొస్తుంది. దాంతో మనం జాగ్రత్తగానే ఉంటాం, అది మనతో ఇంకా జాగ్రత్తగా ఉంటుంది. తల్లి చచ్చిపోయి పాలసీసాతో, పెరటి అరుగు పక్కన, తోటి దూడల మొహం చూడకుండా పెరిగిన కోడెకు ఆ గీతే ఉండదు. మనుషులే దాని మంద. మందలో మగపశువులు ఎవరు పెద్దో తేల్చుకునేది తలలు ఢీకొట్టుకుని, కొమ్ములు పెనవేసుకుని. రెండు పళ్ళు వేసే ఈడుకు, అంటే రెండు రెండున్నరేళ్ళకు, కోడెకు ఆ లెక్క తేల్చుకోవాలనిపిస్తుంది. సీసా పట్టుకుని పాలు తాగించిన మనిషి కూడా ఆ మందలో ఒకడే కదా. తేల్చుకోవడానికి మొదట వచ్చేది అతని దగ్గరికే.

ఇది పల్లెటూరి నమ్మకం మాత్రమే అనుకోనక్కర్లేదు. అమెరికాలో ప్రైస్, వాలక్ అనే ఇద్దరు పరిశోధకులు హియర్‌ఫర్డ్ జాతి కోడెలను పరిశీలించి 1990లో ఒక పత్రం ప్రచురించారు. చేతిపాలతో ఒంటరిగా పెంచిన కోడెలు పెద్దయ్యాక మనిషి మీద తిరగబడే గుణం ఎక్కువగా చూపాయని వాళ్ళు తేల్చారు. పశువుల నడతను జీవితమంతా చదివిన టెంపుల్ గ్రాండిన్ కూడా తల్లి లేని కోడెదూడను పాలిచ్చే మరో ఆవుకు అలవాటు చెయ్యమని, లేదంటే చిన్నప్పుడే విత్తులు కొట్టించెయ్యమని రాసింది. తోటి దూడల మధ్య పెరిగితే నువ్వు పశువువి అని వాటికి పశువులే చెబుతాయి. ఆ పాఠం మనిషి చెప్పాల్సి వచ్చినప్పుడే కష్టం.

ఒకప్పుడు ఈ పాఠం మన దగ్గర ప్రతి ఇంట్లోనూ జరిగేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నల్లమట్టి అంతా మాగాణి అయింది. దుక్కికి ఎడ్లు, దమ్ముకు దున్నపోతులు, మోతకు బండెడ్లు. ఏ పశువుకు ఏ పక్క నిలబడాలో ఎనిమిదేళ్ళ పిల్లాడికి కూడా తెలిసేది. ట్రాక్టరు వచ్చి ఎడ్లకు పని తీసేసింది. కృత్రిమ గర్భధారణ వచ్చి ఊరి ఆంబోతుకు పని తీసేసింది. ఇప్పుడు పల్లెలో పాడి ఉంది గాని మగపశువు అరుదు. అరుదైంది కాబట్టే దాన్ని చూస్తే ముద్దు, ముద్దు చేశాక ఏం చెయ్యాలో తెలియదు.

ద్రాక్షారామం గుడి రాళ్ళ మీద వందల శాసనాలున్నాయి. అఖండ దీపానికి నెయ్యి అందాలని గొర్రెలనో ఆవులనో దానమిచ్చి, వాటిని మేపే పూచీ బోయలకు అప్పగించిన సంగతులు వాటిలో ఎన్నో. దాతల వంశాలు, బిరుదులు అన్నీ చెక్కారు. మందను మేపినవాడు మగపశువును ఎలా దారిలో పెట్టేవాడో చెక్కించాలన్న ఆలోచన ఏ రాజుకూ రాలేదు. ఆ విద్య రాతి మీదికి ఎక్కకుండానే చేతి నుంచి చేతికి వచ్చింది.

ఆ విద్యలో మొదటి పాఠం మనుషులకే. నుదురు ముట్టుకోకూడదు. కోడెదూడ వచ్చి తలతో తోస్తే పిల్లలు అరచేతులు ఆనించి ఎదురు తోస్తారు. దూడ ఇంకాస్త తోస్తుంది. పిల్లలకు ఇది ఆట, దూడకు ఇది సాధన. పని తెలిసిన కాపరి ఈ ఆట కంటబడగానే దూడను వదిలేసి పిల్లల్ని కసురుతాడు. నిమరాలనిపిస్తే గంగడోలు కింద నిమరాలి, మెడ పక్కన గోకాలి, తోక మొదట్లో గోకాలి. అక్కడ చెయ్యి పడితే పశువు మెడ చాపి, కళ్ళు సగం మూసి, కదలకుండా నిలబడుతుంది. నుదుటి మీద పడితే కాళ్ళు నేలలో దిగేసి ముందుకు ఒరుగుతుంది. ఒకే చెయ్యి ఒకచోట నిలబడడం నేర్పుతోంది, ఇంకోచోట పోట్లాట నేర్పుతోంది. గంగిరెద్దుకు బొట్టు పెట్టేవాళ్ళను ఈసారి గమనించండి. ఎద్దుకు ఎదురుగా నిలబడరు. భుజం పక్కన నిలబడి చెయ్యి చాపి పెట్టేసి తీసేస్తారు.

రెండో పాఠం కుడితి గోలెం దగ్గర. నేను ఎక్కువసేపు నిలబడి చూసింది దీన్నే, ఎందుకంటే పశువును పాడు చేసేదీ బాగు చేసేదీ రోజూ రెండుపూటలా జరిగే ఈ ఐదు నిమిషాలే.

కాపరి తవుడు, తెలగపిండి కలిపిన తట్ట పట్టుకుని పాకలోకి వస్తాడు. చెడిపోయిన కోడె తట్ట కనిపించగానే మీదికి ఉరుకుతుంది. కొత్తవాడైతే భయపడి తట్ట కింద పెట్టేసి తప్పుకుంటాడు, లేదంటే కర్రతో మూతి మీద ఒక్కటిస్తాడు. మొదటిదానితో కోడె ‘ఉరికితే మేత వస్తుంది’ అని నేర్చుకుంది. రెండోదానితో ‘మనిషి చెయ్యి మొహం మీదికి వస్తే తల విసరాలి’ అని నేర్చుకుంది. రెండూ ప్రాణాంతకమే. పనివాడు రెండూ చెయ్యడు. తట్ట నడుముకు ఆనించుకుని గడప దగ్గరే ఆగిపోతాడు. వెదురు కర్రను అడ్డంగా, కోడె రొమ్ముకు ఎదురుగా పట్టుకుంటాడు. కొట్టడు, పొడవడు, కర్ర అక్కడ ఉంటుంది అంతే. కోడె వచ్చి కర్రకు తగులుతుంది. అతను వెనక్కి తగ్గడు. ‘ఎనక్కి’ అంటాడు, మామూలు గొంతుతో, పక్కింటివాణ్ణి పలకరించినట్టు.

ఆ తర్వాత అతను చూసేది కోడె మొహాన్ని కాదు, ముందరి గిట్టల్ని. బరువు మోస్తున్న గిట్ట రెండు డెక్కలూ విచ్చుకుని ఉంటాయి. పశువు వెనక్కి తగ్గుదామని మనసులో అనుకోగానే, ఇంకా అడుగు పడకముందే, ముందరి కాలి మీద బరువు తేలుతుంది, ఆ చీలిక సన్నబడుతుంది. ఆ క్షణంలో కర్ర కిందికి దిగిపోతుంది. అడుగు పడ్డాక దించితే ఆలస్యమే. పశువుకు బహుమతి ఎప్పుడందిందో అప్పుడు చేస్తున్న పనే దానికి గుర్తుంటుంది. తగ్గాలన్న ఆలోచనకే బహుమతి అందితే నాలుగు రోజుల్లో కర్ర అక్కర్లేకుండా పోతుంది. తగ్గి, ఆగి, మళ్ళీ ముందుకు రాబోతున్నప్పుడు అందితే పశువు నేర్చుకున్నది తలకిందులవుతుంది. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. కోపంలో ఉన్నవాడి చెయ్యి ఎప్పుడూ ఆలస్యంగానే దిగుతుంది.

కర్ర దిగాక అతను గోలెంలో తవుడు వేసి, తానే రెండడుగులు పక్కకు జరుగుతాడు. కోడె ఇంకా కదలకూడదు. ఒక ఊపిరి, రెండు ఊపిర్లు. అప్పుడు ‘రా’ అంటాడు. కోడె వస్తుంది. రోజూ ఇంతే. చేతిలోంచి మాత్రం ఏదీ పెట్టడు. బెల్లం ముక్కైనా, అరటిపండైనా గోలెంలోనే వేస్తాడు. చేతిలో మేత ఉండదని కోడెకు స్థిరపడితే అది చేతుల కోసం వెతకడం మానేస్తుంది. గుడి ముందు మనం చేసే పనికి ఇది సరిగ్గా ఎదురు.

చోటు వదిలించడం అని ఇంకొక పని ఉంది, బయటివాళ్ళకు అది పనిలాగే కనిపించదు. కోడె నీడలో నిలబడి నెమరు వేస్తుంటుంది. కాపరి వెళ్ళి దాని భుజం పక్కన నిలబడి, దాన్ని ఒక అడుగు పక్కకు జరిపి, ఆ చోట తాను నిలబడతాడు. కాసేపుండి వెళ్ళిపోతాడు. ఇందులో ఏముంది అనిపిస్తుంది. పశువుల మందలో పెద్దరికం నూటికి తొంభై పాళ్ళు ఇలాగే నడుస్తుంది. పెద్దది వస్తే చిన్నది జరుగుతుంది, యుద్ధం జరిగేది ఎవరు జరగాలో తేలనప్పుడే. రోజుకు నాలుగుసార్లు అడుగు జరిపే మనిషితో కోడెకు తేల్చుకోవాల్సిందేమీ మిగలదు. అదే కోడె అడ్డం నిలబడితే మనిషే చుట్టూ తిరిగి వెళ్ళే ఇంట్లో, నెల తిరిగేసరికి పెద్దరికం ఎవరిదో కోడెకు తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్ళకే ఇంకా తెలియదు.

ఎక్కడ నిలబడాలన్నది కూడా ఊరికే వచ్చింది కాదు. పశువు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ చూస్తుంది. తోక వెనక, ముట్టె ముందు కొద్దిపాటి జాగా మాత్రం దానికి కనబడదు. మనం ఆప్యాయంగా నిలబడేది సరిగ్గా ఆ ముట్టె ముందే. కాపరి నిలబడేది ఎడమ భుజం పక్కన. అక్కడి నుంచి ఒక అడుగు వెనక్కి వేస్తే పశువు ముందుకు కదులుతుంది, భుజం దాటి ఒక అడుగు ముందుకు వేస్తే ఆగుతుంది. గ్రాండిన్ పుస్తకాల్లో ఈ భుజం దగ్గరి తూకానికి బొమ్మలు గీసి ఉంటాయి. దాపటెద్దు, ఎలపటెద్దు అని రెండు పక్కలూ తెలిసి పెరిగిన మన దుక్కి మనుషులు బొమ్మ చూడకుండానే ఆ తూకం మీద నడిచారు.

కోడె మనసు మారితే అది ముందు ఒళ్ళంతా అడ్డం తిప్పి చూపిస్తుంది: ఇదిగో నా పొడవు, నా ఎత్తు, నా మూపురం. మెడ ఉబ్బుతుంది, తల కిందికి దిగుతుంది, కంటి తెల్లగుడ్డు కనబడుతుంది. తర్వాత కాలు దువ్వడం, కొమ్ముతో మట్టి ఎత్తడం, బుస. ఎరగనివాళ్ళు ఆ అడ్డం తిరగడం చూసి ‘అటు వెళ్ళిపోతోంది’ అనుకుంటారు. పనివాడు ఆ ఘట్టంలోనే, కాలు దువ్వేదాకా ఆగకుండా, దాని మీద కన్ను తియ్యకుండా ఏటవాలుగా వెనక్కి తగ్గి కంచె అవతలికి చేరతాడు. వీపు చూపి పరుగెత్తడు. ఇక్కడ ధైర్యం చూపేవాణ్ణి మంచి కాపరి అని ఎవరూ అనరు.

తాడు గురించి చెప్పకపోతే ఈ పరిచయం సగమే. ముక్కు కుట్టడం నొప్పి, అందులో దాపరికం లేదు. ముక్కు దూలానికి ముందు మెత్తగా ఉండే చోట కుట్టి, పుండు పూర్తిగా మానేదాకా దాని మీద బరువు పడకుండా చూసి, తర్వాత ముకుతాడు వేసి కొమ్ముల వెనక ముడి వేస్తారు. పనివాడెవడో పనికిమాలినవాడెవడో తెలుసుకోవాలంటే మాటలు వినక్కర్లేదు, ఎద్దు ముక్కు చూస్తే చాలు. కన్నం చుట్టూ చర్మం నున్నగా, పొడిగా ఉంటే ఆ తాడు రోజంతా వదులుగానే వేలాడుతుందని అర్థం. చీము, చిట్లిన అంచులు కనబడితే ఆ మనిషి తాడుతో బతుకుతున్నాడు, అతనికి ఇంకేమీ రాదు. మంచి చేతిలో తాడు లాగడం కన్నా వదలడమే ఎక్కువగా జరుగుతుంది. వేళ్ళు ముడుచుకుంటాయి, తాడు బరువు ముక్కుకు తెలుస్తుంది, తల ఒక జానెడు తిరుగుతుంది, వేళ్ళు విచ్చుకుంటాయి. చూసేవాళ్ళకు ఎద్దు తనంతట తాను తిరిగిందనిపిస్తుంది.

ములుకోల గురించి రెండు మాటలు చాలు. చివర మేకు ఉన్న కర్రతో కదిలించిన పశువు మేకుకు కదులుతుంది, మనిషికి కాదు. మేకు లేని రోజున ఆ సంగతి బయటపడుతుంది.

ఇప్పుడు సంక్రాంతి నెలలో వీధిలోకి వచ్చే గంగిరెద్దును చూడండి. మూపురం మీద రంగుబట్టల బొంత, కొమ్ములకు కుచ్చులు, మెడలో మువ్వలు. పక్కన పాత కోటు, తలపాగా, భుజాన డోలు, నోట సన్నాయి. అయ్యగారికి దణ్ణం పెట్టమంటే ముందుకాళ్ళు మడుస్తుంది, పంట బాగా పండుతుందా బసవన్నా అంటే తల ఊపుతుంది. తల ఊపడంలో పెద్ద విద్య లేదు, డోలు దెబ్బకో తాడు కదలికకో అలవాటు పడిన పశువు చేస్తుంది. కాళ్ళు మడవడం అంతకన్నా కష్టం. అసలు చూడవలసింది ఆటగాడు వీధిలో వెల్లకిలా పడుకున్నప్పుడు.

అతను పడుకుంటాడు. ఎద్దు అతని పక్కకు వస్తుంది. ముందరి కాలు ఒకటి ఎత్తి అతని రొమ్ము మీద పెడుతుంది. జనం ఊపిరి బిగబడుతుంది. ఆ కాలి మీద పడాల్సిన బరువునంతా ఎద్దు మిగతా మూడు కాళ్ళ మీదికి మార్చుకుని ఉంటుంది. గిట్ట రొమ్మును తాకుతుంది తప్ప మొయ్యదు. కుడితి గోలెం దగ్గర, అడుగు పడకముందే బరువు తేలడాన్ని కనిపెట్టి కర్ర దించిన పాఠం ఇన్నేళ్ళకు ఇక్కడ తేలింది. తన బరువు ఎక్కడుందో ఆ పశువుకు తెలుసు. తెలుసుకునేలా చేసినవాడే కింద పడుకుని ఉన్నాడు.

ఇంతవరకు అందరూ మెచ్చుకునేదే. నేను మెచ్చుకునేది ఆ తర్వాతి ఘట్టం. మాట వినగానే ఎద్దు కాలు తీసి, తిరగకుండా, తిన్నగా వెనక్కి నడుస్తుంది. పడుకున్న మనిషి కాళ్ళనో చేతినో తొక్కకుండా, తనకు కనబడని వైపుకు నాలుగడుగులు. పశువుకు వెనక నడక ఇష్టమైన పని కాదు, అడవిలో దానికి అవసరం కూడా రాదు. ఆ నాలుగడుగుల్లో ఏళ్ళ పని ఉంది. పైగా ఆ సమయంలో తాడు నేల మీద ఉంటుంది, మనిషి వెల్లకిలా ఉన్నాడు. ఆజ్ఞ ఇచ్చే చెయ్యి లేదు, మాట ఒక్కటే.

దానికన్నా గొప్పది ఇంకోటుంది, దాన్ని చూడ్డానికి జనం ఆగరు. ఆట అయ్యాక ఇంటావిడ చేటలో బియ్యం తెస్తుంది. చేట ఎద్దు మూతికి మూరెడు దూరంలో ఉంటుంది. పొద్దుటి నుంచి తిరిగిన ఎద్దు, కొత్త బియ్యం వాసన. అది మెడ చాపదు. జోలెలో బియ్యం పడ్డాక ఆవిడ పిడికెడు పక్కన పెడితే, అతను ‘తీసుకో’ అన్నాకే మూతి దిగుతుంది. గుడి దగ్గర సంచులు లాక్కునే కోడెదీ ఇదే జాతి, ఇవే నాలుగు కాళ్ళు. మధ్యలో ఉన్న తేడా ఒక మనిషి కొన్నేళ్ళ ఓర్పు.

ఈ విద్య డెల్టాకే పరిమితం కాదు. తమిళనాడులో సంక్రాంతికి వీధుల్లోకి వచ్చే ‘పూమ్ పూమ్ మాడు’ ఆటగాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. ఎద్దును తీసుకుని ఊరూరా తిరిగినవాళ్ళు భాషనూ తోలుకెళ్ళారు.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి చూడాలంటే ప్రభుత్వ వీర్యసేకరణ కేంద్రాలు ఉన్నాయి. అక్కడి ఆంబోతుకు ముక్కులో లోహపు రింగు, రెండు పక్కలా ఇద్దరు మనుషులు, గట్టి ఇనుప గొట్టాల దడి. ఇలాంటి చోట్ల దడిలో మధ్యమధ్య మనిషి పట్టి పశువు పట్టని సందులు వదులుతారు, పశువు తిరగబడితే దూరి బయటపడడానికి. ఇది సరైన ఏర్పాటే. ఇరవై ఆంబోతులున్న చోట ఒక్కొక్క దానితో ఏళ్ళు గడపడం కుదరదు. అందులోనూ జెర్సీ, హోల్‌స్టీన్ వంటి పాడి జాతుల ఆంబోతులు మనుషుల్ని పొడిచి చంపడంలో ప్రపంచమంతా చెడ్డపేరు మోసినవి. దూడప్పుడే తల్లిని విడదీసి చేతిపాలతో పెంచడం అందుకు ఒక కారణమని చెబుతారు. అక్కడ దూరాన్ని ఇనుము కాపాడుతుంది. గంగిరెద్దులవాడి దగ్గర దూరం ఎద్దు లోపలే ఉంటుంది. నాకు ఇనుము మీద చిన్నచూపు లేదు. కానీ చూస్తూ నిలబడిపోవాలనిపించేది రెండోదాన్నే.

ఈ మెచ్చుకోలుకు ఒక అడ్డు కూడా ఉంది. 2011 జులైలో కేంద్ర ప్రభుత్వం ప్రదర్శనలకు శిక్షణ ఇవ్వకూడని జంతువుల జాబితాలో ఎద్దులను కూడా చేర్చింది. జల్లికట్టు, బండి పందాల గొడవలో ఆ జాబితా పేరు ఎక్కువగా వినబడింది గాని, తాడు పట్టుకుని ఆడించే ప్రతివాడికీ ఆ నీడ తగులుతుంది. ముక్కు చిట్లిన ఎద్దులను ఎండలో తారురోడ్డు మీద తిప్పి డబ్బులడిగేవాళ్ళు ఉన్నారు, వాళ్ళను వెనకేసుకు రావడానికి నా దగ్గర మాట లేదు. అయితే మంచి పనివాడి ఎద్దు ముక్కును చూసినవాళ్ళకు ఈ రెండు రకాల మనుషులూ ఒక జాబితాలో ఇమడరని తెలుస్తుంది. చట్టానికి ముక్కు చూసే కన్ను ఉండదు, అది దాని ఇబ్బంది.

ఇంతకూ ఈ పాత విద్య ఇప్పుడెవరికి పనికొస్తుందంటే, పుంగనూరు ఆవులు కొంటున్నవాళ్ళకు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఆ పొట్టి ఆవులకు మేత పెడుతున్న బొమ్మలు దేశమంతా తిరిగాక మోజు ఇంకా పెరిగింది. చిత్తూరు జిల్లాకు చెందిన ఈ జాతిని పలమనేరు పశు పరిశోధనా స్థానంలో ఏళ్ళ తరబడి కాపాడుకుంటూ వచ్చారు. ఇప్పుడు పట్నం ఇళ్ళలో, గచ్చు మీద, సోఫా పక్కన తిరుగుతున్నాయి. ఆవుల వరకు ఏదో సరిపోతుంది. వాటికి పుట్టే కోడెదూడల సంగతి వేరు. ఒంటరి, సీసాపాలు, ఇంటిల్లిపాదీ నుదురు నిమరడం, పిల్లలతో తలపోట్లు: పైన చెప్పిన తప్పులన్నీ ఒక్క హాల్లో జరుగుతాయి. మూడడుగుల పశువు ఏం చేస్తుందిలే అంటారు. మూడడుగుల పశువు కొమ్ము ఐదేళ్ళ పిల్ల మొహం ఎత్తులో ఉంటుంది. అలాంటి ఇంటివాళ్ళు నన్నడిగితే ఇంకో దూడను తోడు తెచ్చుకోమంటాను, మేత గోలెంలోనే వెయ్యమంటాను, రోజూ కాసేపు దాన్ని అడుగు వెనక్కి వేయించమంటాను. గారాబానికి గంగడోలు ఎటూ ఉంది.

అప్పటికే చెడిపోయిన పెద్ద కోడె మాటేమిటి? ఇక్కడ పనివాళ్ళ నిజాయితీ చూడాలి. మూతితో నెట్టేదాన్ని, సంచులు వెతికేదాన్ని, దారికి అడ్డం నిలబడేదాన్ని తీసుకుంటారు. ముందు నాలుగు పశువుల మధ్య కట్టేస్తారు, మనుషులు పెట్టే మేత మాన్పిస్తారు, ఆ తర్వాతే కర్ర అడ్డం పెట్టడం మొదలవుతుంది. నెలలు పట్టినా వస్తుంది. మనిషిని పడేసి, పడ్డాక కూడా వదలకుండా కొమ్ముతో కుమ్మిన కోడెను మాత్రం తీసుకోరు, ఎంత డబ్బిచ్చినా సరే. విత్తులు కొట్టించినా ఆ వయసులో అలవాటు పోతుందన్న పూచీ లేదంటారు. దానికి గట్టి దడి, తోటి పశువులు, దూరం నుంచి వేసే మేత. నేను బాగు చేస్తాను నాకివ్వండి అని ముందుకొచ్చేవాడు దొరికితే, అతని దగ్గర ఇంతకుముందు ఉన్న ఎద్దు ముక్కు ఎలా ఉందో ఒకసారి చూసి మాట్లాడండి.